అడగని మొత్తం

మూత 31, రెండో నెల 9

గనికి మూత వేసే ముందు రోజు, నాతో కలిసి లెక్కల యంత్రాన్ని తయారుచేసిన ప్రభంజన్ నాకొక మాట ఇచ్చాడు. లెక్కల గది గుమ్మంలో టీ గ్లాసు పట్టుకుని నిలబడి, "నెలనెలా ఒకటో తారీఖున మొత్తం ఎంతున్నదో నేనే అడుగుత గట్టయ్యా, నువ్వు రంధి పెట్టుకోకు" అన్నాడు. రెండేళ్ళు అడిగాడు. మూడో ఏడు మానేశాడు. ఇవాళ అతని మీద బడిలో ఒక పాఠం ఉంది, మొదటి లెవల్లో నిలువెత్తు బొమ్మ ఉంది, ఏటా ఒక పండగ కూడా ఉంది. పైన గాలి నిప్పులు చెరగడంతో ఈ గనిలోకి దిగేటప్పుడు అందరూ గిన్నెలూ పరుపులూ తెచ్చుకుంటే నేను ఒక పెట్టె నిండా పుస్తకాలు తెచ్చుకున్నాను. వాటన్నిటినీ మూడేసి సార్లు చదివాను. మాట తప్పినవాడికి బొమ్మ పెట్టిన ఊరు నాకు ఏ పుస్తకంలోనూ తగల్లేదు.

అయితే ఈ నోటు పుస్తకం తెరవడానికి కారణం అతను కాదు. నా కూతురు సుగుణ తలనొప్పి.

సుగుణ ఆరో లెవల్లో ఉంటుంది, అన్నిటికంటే అడుగున. మధ్యాహ్నం రొట్టెలూ పుట్టగొడుగుల కూరా తెచ్చింది. వచ్చినప్పటి నుంచీ నుదురు నొక్కుకుంటూనే ఉంది.

"మళ్ళ నొస్తాందా?"

"పొద్దుగాల లేస్తెనే మొదలైతాంది బాపూ. నాకొక్కదానికే గాదు, మా వరుసల అందరికి. పళ్ళాలు లేటుగ వస్తున్నయి."

"ఎంత లేటు?"

నేను నేల మీద ఉమ్మేసినట్టు చూసింది. తర్వాత మొహం తిప్పుకుని, "జర లేటు" అంది.

ఇక్కడ "ఎంత" అనే మాట నలుగురిలో అనరు. రెండో ఏడు చివర ప్రభంజన్ మైకులో మిగిలిన సున్నం మొత్తం చదివినప్పుడు జనం ఆ అంకెను రోజు వాడకంతో భాగించుకుని బెదిరిపోయి మెట్ల మీదికి ఎగబడ్డారు. తొక్కిసలాటలో తొమ్మిది మంది పోయారు. ఇక మొత్తం అడగొద్దని సభ తీర్మానించింది, ప్రభంజన్ తల ఊపాడు. తీర్మానం మెల్లమెల్లగా మర్యాదగా మారింది. ఇప్పుడు వడ్డించేవాళ్ళు గిన్నె మూత సగమే తీస్తారు, తినేవాళ్ళు లోపలికి తొంగి చూడరు. పిల్లలు "ఇంకెంత ఉంది" అంటే మూతి మీద ఒకటి పడుతుంది.

సుగుణది పళ్ళాలు మార్చే పని. ప్రతి గదిలో ఒక సున్నం పళ్ళెం ఉంటుంది. మనం వదిలిన చెడు గాలిని సున్నం పీల్చుకుంటుంది, బలం పోయాక ఊదారంగుకు తిరుగుతుంది. అప్పుడు లెక్కల యంత్రాన్ని అడిగితే బలం తగ్గిన పళ్ళాలు ఎక్కడున్నాయో చెప్పి, సున్నపు సొరంగంలోంచి బెల్టు మీద కొత్తవి పంపుతుంది. ఆ సొరంగాలకు సీలు వేసి ఉంది. తలుపు తీస్తే తడి గాలి తగిలి సున్నం పాడవుతుంది కాబట్టి లోపల ఎంత మిగిలిందో కంటితో చూసినవాడు లేడు. పళ్ళాల వాళ్ళకొక పద్ధతి కూడా ఉంది. వరుస మొదట్లో మూడు పళ్ళాలు చూస్తారు. అవి తెల్లగా ఉంటే వరుసంతా తెల్లగానే ఉందనుకుని ముందుకు పోతారు. రెండు వందల నలభై గదులు తిరగాలంటే అంతకంటే కుదరదు.

సుగుణ వెళ్ళేటప్పుడు మెట్ల దగ్గర ఆగి ఊపిరి తీసుకుంది. నలభై ఆరేళ్ళ మనిషి, దిగే మెట్ల దగ్గర.

మూత 31, రెండో నెల 12

ఇరవై ఏడేళ్ళ తర్వాత లెక్కల గదికి వెళ్ళాను. అప్పట్లో నన్ను అక్కడి నుంచి వెళ్ళగొట్టింది ప్రభంజనే. ఇప్పుడు ఆ గది ఓదెలుది. నలభై అయిదేళ్ళుంటాయి, ప్రభంజన్ చేతి కింద పని నేర్చుకున్న ఆఖరి మనిషి.

"ఏంది కాకా, తొవ్వ తప్పినవా?"

"నీ సోంబేరి యంత్రాన్ని చూసి పోదామని వచ్చిన."

"గా మాట నువ్వొక్కనివే అంటవు. మాకది తల్లి."

"తల్లి అయితె దాని గంట నోట్ల గుడ్డ ఎందుకు కుక్కినవు?"

ఓదెలు గోడకున్న గంట వైపు చూశాడు. పాత లుంగీ ముక్క, దుమ్ము పట్టి బొగ్గు రంగుకు తిరిగింది.

"ఆరేండ్ల సంది మోగుతనే ఉన్నది. పక్కన కూసుండి అన్నం తినేటట్టు లేకుండె."

గంట కింద యంత్రం జ్ఞాపకం ఎంత నిండిందో చూపే సూది ఉంటుంది. ఎనభై దాటితే గంట మోగాలి. సూది నూరుకు వెంట్రుక వాసి దూరంలో ఉంది. పళ్ళాలు లేటవుతున్నది ఇందుకే. ఓదెలు తన స్టూలు నా వైపు జరిపాడు.

ఎవరైనా ఇది చదివితే అర్థం కావడానికి ఒక్కసారి చెబుతాను. మా యంత్రం సోమరిది. మేం దాన్ని అలాగే రాశాం, నేనూ ప్రభంజనూ కలిసి. అడిగేదాకా ఏ పనీ చెయ్యదు. సుగుణ "బలం తగ్గిన పళ్ళాలు మూడు చెప్పు" అంటే జాబితా మొదటి నుంచి చూసుకుంటూ పోయి, మూడోది దొరకగానే ఆగిపోతుంది. మిగతా గదుల జోలికి పోదు. అందుకే జవాబు చిటికెలో వస్తుంది. మూత వేసే ముందు వారం, నా పట్టు మీద, అన్నీ ఎప్పటికప్పుడు లెక్కగట్టేలా ఒకసారి మార్చి చూశాం. మూడు పళ్ళాలు అడిగితే మొత్తం జాబితా చూసి గాని నోరు విప్పలేదు. ఒక్కో జవాబుకు నాలుగు నిమిషాలు. పళ్ళాల వాళ్ళు నన్ను తిట్టిన తిట్లకు ప్రభంజన్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

మూడు చాలన్న చోట సోమరితనమే మేలని నేనూ ఒప్పుకున్నాను. నా గొడవ మొత్తం దగ్గర. ఒక గంప సున్నం వాడినప్పుడల్లా యంత్రం తీసివేత చెయ్యదు. "ముందున్న మొత్తంలోంచి ఒకటి తీసెయ్యాలి" అని ఒక చీటీ రాసి పెట్టుకుంటుంది. తర్వాతి గంపకు ఇంకో చీటీ, దాన్ని ముందు చీటీకి తగిలిస్తుంది. ఎవరైనా మొత్తం అడిగితే అప్పుడు చీటీలన్నీ విప్పి తీసివేతలు చేసి, ఒక్క అంకె మిగుల్చుకుని, చీటీలు పారేస్తుంది. నెలనెలా అడిగితే ఏ బాధా లేదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఒకదానికొకటి తగిలించిన చీటీలు లక్షల్లో ఉన్నాయి.

ఆ ఒక్క చోట చీటీ రాయకుండా అప్పుడే తీసెయ్యమని, ఒకే ఒక లైను మార్చమని ప్రభంజన్ను బతిమాలాను. దానికి జవాబుగానే ఆ టీ గ్లాసు, ఆ మాట.

"ఇప్పుడు అడుగుదమా కాకా?" అన్నాడు ఓదెలు, కీబోర్డు వైపు చెయ్యి పెడుతూ.

నేను ఆ చెయ్యి పట్టుకుని లాగాను. ఇద్దరం స్టూళ్ళ మీద నుంచి పడబోయాం. ఇప్పుడు అడిగితే యంత్రం ఆఖరి చీటీ తెరుస్తుంది. దాన్ని తెరిచే ఉంచి ముందుదాన్ని తెరవాలి. రెండూ తెరిచే ఉంచి మూడోదాన్ని. అన్ని లక్షల చీటీలు పరిచి పెట్టుకునే జాగా దానికి లేదు. కుప్పకూలుతుంది. మళ్ళీ లేపడానికి ఒకటిన్నర రోజు. ఆ ఒకటిన్నర రోజూ బెల్టు కదలదు, ఒక్క పళ్ళెం రాదు. చెడు గాలి బరువైనది, ముందుగా ఆరో లెవల్లోకి దిగుతుంది.

"అడగకుంట ఉంటే?"

సూది వైపు చూపించాను.

"నెల," అన్నాడు ఓదెలు. గొంతు తగ్గించి, "మస్తయితె నెలన్నర."

మూత 31, రెండో నెల 13

సభ పెద్ద రాజక్క. అరవై దాటిన మనిషి, ఒకప్పుడు సుగుణతో పాటు పళ్ళాలు మార్చింది. మా ఇద్దరినీ కూర్చోబెట్టి అంతా విన్నది.

"గట్టన్నా, సచ్చినోనితోని ఎన్నేండ్లు కొట్లాడుతవు?"

"కొట్లాటకు రాలె రాజక్కా. ఓదెలును అడుగు."

ఓదెలు నేల చూపులు చూస్తూ అవునన్నాడు. ఆమె మొహం మారింది.

"అడిగితె పడిపోతది. అడగకుంటె నెలన్నరకు పడిపోతది. మరి రెండింట్ల తేడా ఏంది?"

"అడిగితె మనం చూస్తుండంగ పడ్తది."

ఎవరూ నవ్వలేదు. అసలు భయం ఆ తర్వాత వచ్చింది. బట్టీ సంగతి ఎత్తినప్పుడు. కొత్త సున్నం కాల్చే బట్టీ మూత పడినప్పటి నుంచి చల్లగానే ఉంది. దాన్ని వెలిగిస్తే పైకి పొగ వదిలే తలుపు తెరవాలి, పైన నిప్పులు చెరిగే గాలి, అందుకే అవసరం పడితే తప్ప ముట్టుకోవద్దని మొదటి సభ నియమం. చల్లారిన బట్టీ వేడెక్కి మొదటి సున్నం ఇవ్వడానికి నలభై రోజులు పడుతుంది. తొందరపెడితే ఇటుకలు పగులుతాయి. ఇంకో బట్టీ లేదు.

"అంటె," అంది రాజక్క నెమ్మదిగా, "లోపల నలభై రోజులది లేకపోతె..."

ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు. ఆమె పెరిగిన మర్యాద పూర్తి చెయ్యనివ్వలేదు. నేనే చేశాను. "ఆరు వందల పన్నెండు మంది."

దారి నాకు రాత్రంతా ఆలోచిస్తే తట్టిందని గొప్పలు పోను. అక్కడే తట్టింది. మొత్తం అడగొద్దు. చీటీలను మొదటి నుంచి ఒక్కొక్కటే ఇమ్మని అడగాలి. ఒకటి ఇచ్చి, దాన్ని మరిచిపోయి, తర్వాతిది ఇవ్వడం సోమరి యంత్రానికి సులువు, జాగా కూడా అక్కర్లేదు. అలా అన్నీ కాగితాల మీద అచ్చు వేసి, మనుషులం కూడుకోవాలి. వచ్చిన అంకెను యంత్రంలో పెట్టి, చీటీల తాడు అక్కడికి తెంపెయ్యాలి. నేను చెప్పిన ఆ ఒక్క లైను కూడా అప్పుడే మార్చెయ్యాలి.

"జనంతోని కూడిపిస్తవా?" అంది రాజక్క. "ఎంత అని అడుగుమంటవా వాళ్ళను?"

"అవును."

ఆమె కొంగు నడుముకు చెక్కుకుంది. "సరె," అంది. "సిగ్గు పోతె పోనీ."

మూత 31, రెండో నెల 18

మూడు రోజులు అచ్చు యంత్రం ఆగకుండా కొట్టింది. రోజుకొక కాగితం, నెలకొక కట్ట. మూడు వందల ముప్పై ఎనిమిది కట్టలు. లెవల్ వారీగా నేనే పంచాను. పదమూడు, పద్నాలుగు, పదిహేనో ఏళ్ళు ఆరో లెవల్ వాళ్ళకు వెళ్ళాయి. ప్రతి కట్ట మీద కూడినవాళ్ళ సంతకం, సరిచూసిన వాళ్ళ సంతకం.

భోజనాల హాల్లో అందరూ కూర్చుని కూడుతుంటే చూడాలి. ఒకరి కాగితం ఒకరికి కనపడకుండా చేతులు అడ్డం పెట్టుకున్నారు. పెద్దలు గోడ వైపు తిరిగి కూర్చున్నారు. ఒక ముసలామె కొంగు నెత్తిన కప్పుకుని కూడింది.

"ఏమే, నీది ఎంతొచ్చింది?" అని ఎవరో గట్టిగా అనేశారు. పెన్సిళ్ళన్నీ ఆగాయి. ఆ తర్వాత ఒక మూల నుంచి నవ్వు మొదలై నలువైపులా పాకింది. ఏడుపులాంటి నవ్వు.

సుగుణ తన కట్టలు తెచ్చి నా ముందు పెట్టింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పై కాగితాలు నాలుగు సరిచూసి సంతకం పెట్టాను. ఆ రోజు నేను సరిచూడాల్సిన కట్టలు అరవై. ఆమె తలనొప్పి చూస్తుంటే నాకు చేతులు ఆడలేదు.

మూత 31, రెండో నెల 20

మిగిలింది రెండు వేల నాలుగు వందల నలభై గంపలు. రోజుకు నలభై గంపలు. అరవై ఒక్క రోజులు.

బట్టీకి నలభై చాలు.

ఓదెలు ఆ అంకె యంత్రంలో పెట్టాడు. సూది నూరు దగ్గర నుంచి కదిలి, ముసలివాడు కూర్చున్నట్టు ఆగి ఆగి కిందికి దిగి, మూడు దగ్గర నిలిచింది. గంట నోట్లో గుడ్డ నేనే లాగేశాను. సాయంత్రానికి పళ్ళాలు వేళకు వస్తున్నాయి.

మూత 31, రెండో నెల 24

సుగుణకు తలనొప్పి తగ్గింది. జనం దారిలో ఆపి మరీ పలకరిస్తున్నారు. టీ తాగమని పిలుస్తున్నారు. ఇరవై ఏడేళ్ళలో ఎన్ని టీలు తాగానో ఈ నాలుగు రోజుల్లో అన్ని తాగాను.

బట్టీ ఎప్పుడు వెలిగిస్తారని రాజక్కను అడిగాను.

"ముప్పైన ప్రభంజన్ దినం గదా. పొగ తలుపు తెరిస్తె మొదటి లెవలంత మసి అయితది. పండుగ కానీ. తెల్లారి ఒకటో తారీఖున వెలిగిద్దం. ఇరవై రోజులు మిగులు ఉన్నదన్నవు గదా?"

"ఉన్నది."

"ఈసారి స్టేజీ మీద నువ్వు సుత మాట్లాడాలె గట్టన్నా. లైను సంగతి, లెక్క సంగతి. అందరి ముందట."

బట్టీ అప్పటిదాకా ఆగొచ్చని చెప్పాను. ఉపన్యాసం రాసుకోవడానికి ఇంకా ఆరు రోజులు ఉన్నాయి. అతని బొమ్మ పక్కన నిలబడి అతను తప్పిన మాట గురించి చెప్పే అవకాశం మళ్ళీ రాదు.

మూత 31, రెండో నెల 30

నా ఉపన్యాసం చదవలేదు.

నాకంటే ముందు రాజక్క మాట్లాడింది. ప్రభంజన్ ఎలా పోయాడో చెప్పింది. ఏటా చెప్పేదే, ఏటా నేను ఆ సమయానికి గదిలో తలుపేసుకుని చదువుకుంటాను, అందుకే మంటలు గుర్తున్నా బెల్టు దగ్గర ఏం జరిగిందో ఎన్నడూ వినలేదు. పద్నాలుగో ఏడు, రెండో నెల, ఇరవై ఏడు నుంచి ముప్పై దాకా నాలుగు రోజులు బొగ్గు పొర అంటుకుంది. ఆ మంటల్లోనే అతను పోయాడు. "ఆ నాలుగు రోజులు మనం ఊపిరి తీసుకున్నమంటె," అంది రాజక్క, "రోజుకు మూడు వందల గంపల సున్నం సొరంగం నుంచి తీసినం. ప్రభంజన్ బెల్టు పక్కనే నిలబడి పంపిండు."

నేను స్టేజీ మీద కుర్చీలో ఉన్నాను. మూడు వందల గంపలు.

నా వంతు వస్తుండగా లేచి దిగిపోయాను. కట్టలున్న గదికి వెళ్ళాను. పద్నాలుగో ఏడు రెండో నెల కట్ట తీశాను. మీద రాసిన అంకె: పన్నెండు వందలు. నిండు అంకె. మిగతా ఏ నెల మీదా నిండు అంకె లేదు. ముప్పై తొమ్మిది, నలభై ఒకటి, నలభై, అలా పది రోజుల కాగితాల పక్కన పెన్సిలు టిక్కులు. పదకొండో కాగితం నుంచి టిక్కులు లేవు. మొదటి పది రోజులు కూడి, నాలుగు వందలు రాగానే, మూడు పెట్టి హెచ్చవేశారు. వరుస మొదట్లో తెల్లగా ఉంటే వరుసంతా తెల్లగానే ఉందనుకుని.

మంటల నాలుగు రోజుల కాగితాలు కింద, ఎవరూ మడత విప్పకుండా ఉన్నాయి. మూడు వందల పది. మూడు వందల పది. మూడు వందల పది. మూడు వందల పది.

ఎవరి సంతకమో చూడక్కర్లేదు, ఆ చేతికి అక్షరాలు దిద్దించింది నేనే. సరిచూసిన సంతకం కూడా నాకు తెలిసినదే.

వెయ్యిన్నీ ఎనభై గంపలు తక్కువ. లెక్క చూసిన రోజున మిగిలింది అరవై ఒక్క రోజులు కాదు, ముప్పై నాలుగు. అందులో పది రోజులు పండగ కోసం ఆగాం. ఇక ఇరవై నాలుగు.

బట్టీ ఇంకా చల్లగా ఉంది.

పక్క హాల్లో పిల్లలు ప్రభంజన్ పాట పాడుతున్నారు. నేను ఆ కాగితాల మధ్య నేల మీద కూర్చున్నాను.

మూత 31, మూడో నెల 1

తెల్లారగానే రాజక్కకూ ఓదెలుకూ చెప్పాను. బట్టీ వెలిగించారు. పొగ తలుపు తెరిచినప్పుడు పై నుంచి వచ్చిన ఉరుములాంటి మోత నేను చచ్చేదాకా మరవను.

"ఎవరు తప్పు కూడిన్రు?" అంది రాజక్క.

ఓదెలు నా వైపు చూశాడు. అచ్చు వేసినవాడు అతనే. మంటల నెల కాగితాల మీద మూడు వందల పది ఉందని అతనికి తెలుసు.

"ఎవ్వరు గాదు," అన్నాను. "ప్రభంజన్ రాసినదాంట్లనే తప్పున్నది. మంటల నాలుగు రోజులు చీటీలు ఎక్కలె."

బయటికి వచ్చాక ఓదెలు మెట్ల మీద నన్ను ఆపాడు.

"కాకా. ఆ కట్ట ఎవరిది?"

"నీ గంటల గుడ్డ ఎవరిది?"

తల దించుకున్నాడు. ఇద్దరం మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు.

మధ్యాహ్నానికి ఎవరో ప్రభంజన్ బొమ్మ ముక్కు పగలగొట్టారు. ఆ పక్కగా వెళ్ళి చూశాను. ఇరవై ఎనిమిదేళ్ళుగా నేను కోరుకున్నది అదే. కాళ్ళు అక్కడ నిలబడనివ్వలేదు.

మూత 31, మూడో నెల 19

కింది నాలుగు లెవల్లూ ఖాళీ చేయించారు. అందరం పై రెండిట్లో ఉన్నాం. పని లేదు, బడి లేదు, మాటలు కూడా తగ్గించమన్నారు. కదలకుండా పడుకుంటే సున్నం మూడింట రెండు వంతులే ఖర్చవుతుంది. అలా ఇరవై నాలుగు రోజులు ముప్పై ఆరు అవుతాయి. బట్టీకి ఇంకా నాలుగు రోజులు తక్కువ.

ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. "ఎంత?" ఓదెలు మైకులో చెబుతాడు. చెప్పినప్పుడల్లా చుట్టూ పెదాలు కదులుతాయి, అందరూ భాగించుకుంటున్నారు. ఒక పసివాడు నిన్న వాళ్ళమ్మను "మనం ఎంత మంది?" అని అడిగాడు. ఆమె వాడి నోరు మూసింది. తర్వాత చెయ్యి తీసేసి లెక్క చెప్పింది.

రెండంతస్తుల మంచాలు వేశారు. పైన సుగుణ, కింద నేను. పైన నేను పడుకుంటే దిగడం కష్టమని ఆమెకు చెప్పాను. చెడు గాలి కింద పేరుకుంటుందని ఆమెకు నాకంటే బాగా తెలుసు. గొడవ పెట్టుకోబోయింది. ఎగిరితే సున్నం ఖర్చు అన్నాను. ఊరుకుంది.

మూత 31, నాలుగో నెల 6

ఆఖరి గంప పొద్దున వచ్చింది. ఉన్న పళ్ళాలన్నీ రేపటికి ఊదారంగుకు తిరుగుతాయి. బట్టీ మొదటి సున్నం పదకొండున.

అయిదు దీపాలు పెట్టారు, నేల మీద, మోకాలి ఎత్తున, నడుము ఎత్తున, భుజం ఎత్తున, తల ఎత్తున. ఏది ఆరిపోతే గాలి అంతవరకు చెడిందని లెక్క. నేల మీద దీపం సాయంత్రం ఆరింది.

మూత 31, నాలుగో నెల 8

మోకాలి దీపం ఆరిపోయి ఒక రోజయింది. నడుము దీపం నీలంగా, పొట్టిగా మండుతోంది. మూడు రోజులు ఉంది. పదకొండు మంది పోయారు, అందరూ నా ఈడువాళ్ళు, కింది మంచాల వాళ్ళు. వాళ్ళను కింది లెవల్ దాకా మోసే ఓపిక ఎవరికీ లేదు, మెట్ల దగ్గర వరుసగా పడుకోబెట్టారు. కొత్తది కలిసినప్పుడల్లా నేను వరుసను మొదటి నుంచి చివరిదాకా చూస్తున్నాను.

రాయడానికి ఊపిరి ఖర్చు చెయ్యకూడదు. నాలుగు మాటలకోసారి ఆగి రాస్తున్నాను.

ఇందాక సుగుణ పై మంచం అంచు మీద నుంచి తల వేలాడేసి చూసింది. పెదాలు నల్లబడ్డాయి.

"బాపూ. ఒకటి అడగాల్నా?"

"మాట్లాడకు."

"మంటల నెల కట్ట నాకే వచ్చె. నేను పది రోజులే కూడిన. తల పగులుతుండె. మిగతయి అట్లనే ఉంటయనుకున్న." ఊపిరి కోసం ఆగింది. "నాదేనా తప్పు?"

నేను ఆమె కళ్ళలోకి చూశాను. నలభై ఆరేళ్ళ కళ్ళు, కానీ తప్పు చేసి గుమ్మం పక్కన దాక్కునే పిల్ల కళ్ళు.

"కాదు బిడ్డా. నీ కట్ట నేను పూర్తిగ సరిచూసిన. సరిగ్గనే ఉండె. ప్రభంజన్ రాసిన దాంట్లనే ఎక్కలె."

"నిజంగనా?"

"ఆయన సంగతి నీకు తెల్వదా?"

ఆమె మొహం కొంచెం విప్పారింది. తల లోపలికి తీసుకుంది. ఇప్పుడు పై నుంచి ఆమె ఊపిరి వినిపిస్తోంది, వేగంగా, పొట్టిగా, కానీ నిద్రే. నేను అది లెక్కపెడుతున్నాను.

ప్రభంజన్ మాట తప్పాడు, నిజమే. అడిగి తొమ్మిది మందిని చంపుకున్నవాడు మళ్ళీ అడగలేకపోయాడు. ఇప్పుడు దాన్ని అర్థం చేసుకోగలను. మంటల్లో బెల్టు పక్కన నిలబడ్డాడు కూడా. చచ్చినవాడి మీద నేను వేసిన ఈ నింద మాత్రం అబద్ధం. అది బతికినవాళ్ళు మోస్తారు, బొమ్మ ముక్కు అతికించరు. ఓదెలు గంట మూసేశాడు. రాజక్క పండగ కోసం ఆగింది. నేను ఆగొచ్చన్నాను, పైనున్న నాలుగు కాగితాలు చూసి సంతకం పెట్టాను. ఇవన్నీ రాసి పెట్టాను, ఎవరైనా చదివితే నన్ను వదలొద్దు.

కానీ ఆ కట్టలో ముప్పై కాగితాలున్నాయి. ముప్పై కాగితాలు తిప్పడానికి అరగంట చాలు. ఆ అరగంట ఎవరి చేతిలో ఉందో నాకు తెలుసు, నోటితో ఎవరికీ చెప్పను, ఈ కాగితం మీద మాత్రం అబద్ధం రాయలేను. నడుము దీపం ఇప్పుడే ఆరింది. నేను ఇప్పటికీ తప్పు పట్టేది పై మంచంలో నిద్రపోతున్న నా కూతుర్ని, సిరిపురం సుగుణను.